వదులు అనే మాట

రేకుల ఫ్యాక్టరీలో సమ్మె మొదలైన నాలుగో రోజు పొద్దున్నే మేనేజరు మా ఇంటికి వచ్చాడు. వసారాలో కుర్చీ వేస్తే, దాన్ని దొడ్డి గేటుకి వీలైనంత దూరంగా జరుపుకుని కూర్చున్నాడు. గేటు అవతల మా కుక్కలు ఏడూ వరసగా కూర్చుని ఆయన్నే చూస్తున్నాయి. ఒక్కటీ నోరు మెదపలేదు.

"ఇవి మొరగవా?" అని అడిగాడు.

"మొరగమంటే మొరుగుతాయండి," అన్నాడు అన్నయ్య.

అన్నయ్య కుక్కలకు పని నేర్పే మనిషి. నాన్న దగ్గర నేర్చుకున్నాడు. నాన్న పోయాక ఆ దొడ్డినీ, కుక్కల్నీ, నన్నూ తనే సాకాడు. సమ్మె నాటికి నాకు ఇరవై ఆరేళ్ళు. కాపలా కుక్కల పని అన్నయ్యది. ఇళ్ళల్లో పెంచుకునే వాటికి చెయ్యి కలపడం, చెప్పులు తెచ్చిపెట్టడం, పిలిస్తే ఎంత ఆటలో ఉన్నా పరుగెత్తుకు రావడం నేర్పే పని నాది.

మేనేజరుకు రెండు కుక్కలు కావాలట. సమ్మె ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాటితో నిలబడాలట.

"మనుషుల మీదికి పంపనండి," అన్నాడు అన్నయ్య.

"పంపమని ఎవరన్నారు? కనపడితే చాలు."

వదిన టీ గ్లాసు తెచ్చి మేనేజరు ముందు పెట్టింది. పెట్టడంలోనే సగం టీ బల్ల మీద ఒలికింది. ఆయన వెళ్ళేదాకా వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఆవిడ గొంతు వినపడలేదు. వెళ్ళాక బయటికొచ్చింది.

"ఆ గేటు ముందే నా తమ్ముడు కూర్చుంటున్నాడండీ."

"కూర్చున్నవాడికి కుక్కతో పనేముంది?" అన్నాడు అన్నయ్య. తరవాత కాస్త మెత్తబడి, "నేను కాదంటే ఇంకోణ్ణి తెస్తారు. వాడు కుక్కల్ని రెండ్రోజులు మాడ్చి మరీ తెస్తాడు. నావైతే నా మాట మీద ఉంటాయి. నీ తమ్ముడికి ఎవరి కుక్క మేలో నువ్వే చెప్పు," అన్నాడు.

వదిన ఒలికిన టీ తుడిచి గ్లాసు తీసుకుని లోపలికెళ్ళింది. నాకైతే ఆ మాట సబబుగానే తోచింది. అన్నయ్య కుక్కలు అన్నయ్య మాట జవదాటడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాటి నుంచి మబ్బుని తయారుచేయడం మొదలుపెట్టాం. మబ్బు మూడేళ్ళ మగకుక్క. బూడిదరంగు ఒళ్ళు, ఎడమ చెవి కొస చిన్నప్పుడే తెగిపోయింది. దానికి 'పట్టు' అన్నా తెలుసు, 'వదులు' అన్నా తెలుసు. 'పట్టు' నేర్పడం పెద్ద విద్యేమీ కాదు, కుక్కకి అది పుట్టుకతోనే వస్తుంది. కష్టమంతా 'వదులు' దగ్గరే. పాత గోనెసంచి చింపి తాడులా పేని నోటికిస్తాం. అది గుంజుతుంది, మనం గుంజుతాం. గుంజులాట మధ్యలో చెయ్యి బిగబట్టి కదలకుండా నిలబడి, ఉడికించిన మాంసం ముక్క ముక్కు దగ్గర పెట్టి, 'వదులు' అంటాం. వదిలిన క్షణంలోనే ముక్క నోట్లో పడాలి. రెప్పపాటు ఆలస్యమైతే ఎందుకు మెచ్చుకున్నామో దానికి బోధపడదు. ఇలా వందసార్లు, రెండు వందలసార్లు. చివరికి ముక్క లేకపోయినా మాటకే వదులుతుంది. ఆ మాట కూడా ఒక్కసారే అనాలి. రెండోసారి అన్నామంటే మొదటిసారి వినక్కర్లేదని మనమే నేర్పినట్టు.

ఫ్యాక్టరీ గేటు పక్కనే జనరేటర్ల షెడ్డు ఉంది. ఆ రొదలో మాట వినపడదని అన్నయ్య మబ్బుకి చేతి సైగలు నేర్పాడు. పిడికిలి బిగించి గుండెకి ఆనిస్తే పట్టు వదలకూడదు. అరచెయ్యి విప్పి కిందికి దించితే వదిలెయ్యాలి. నోరు ఒకటి చెప్పి చెయ్యి ఇంకొకటి చెప్తే చేతినే నమ్మాలి. దొంగ వేషం నాది. గోనెపట్టాలు చుట్టిన మందపాటి తొడుగు మోచేతి దాకా వేసుకుని నేను పరుగెత్తేదాన్ని. మబ్బు వచ్చి పట్టుకునేది. తొడుగులోంచి కూడా ఎముక దాకా తెలిసేది ఆ పట్టు. నా చెయ్యి దాని నోట్లో ఉండేది, దాని కళ్ళు మాత్రం అన్నయ్య చేతి మీదే ఉండేవి. నేను పైకి లెక్కపెట్టేదాన్ని. మూడు అనేసరికి అన్నయ్య చెయ్యి విప్పాలి. అది మా నియమం. మూడు దాటితే తొడుగు ఉన్నా కమిలిపోతుంది.

పదిహేను రోజుల్లో మబ్బు సిద్ధమైంది. రెండో కుక్కగా ఒక ముసలి ఆడకుక్కని తీసుకెళ్ళాం. కాపలా పనిలో దానికి గద్దించి మొరగడం తప్ప ఏమీ రాదు. దాని గొలుసు నా చేతిలో ఉండేది.

గేటు దగ్గర మేము నిలబడటం మొదలుపెట్టిన వారానికి, ఒక మధ్యాహ్నం వదిన తమ్ముడు మా ఇంటికి భోజనానికి వచ్చాడు. అందరూ ఆయన్ని చిన్నోడనే పిలిచేవారు. ఆరడుగుల మనిషి, మా గుమ్మం దాటేటప్పుడు తల వంచడం మరిచిపోయి ఎన్నిసార్లు బొప్పి కట్టించుకున్నాడో లెక్కలేదు. ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మీద పని. ఆ ప్రెస్సులకు ముందు ఇనప జాలీలు ఉండేవి, చెయ్యి లోపలికి పోకుండా. పని నెమ్మదిస్తోందని యాజమాన్యం వాటిని పీకించేసింది. రెండు నెలల్లో ఇద్దరికి వేళ్ళు పోయాయి. సమ్మె దాని గురించే.

అన్నం తింటూ చిన్నోడు నవ్వుతూనే ఆ సంగతి ఎత్తాడు. "బావా, జాలీలు బిగించమనేగా మేం అడిగేది."

"అడగండి. నేనేమైనా ఆపానా?"

"నువ్వు కుక్కతో నిలబడితే ఆపినట్టే కదా. ఆడవాళ్ళు రావడం మానేశారు. క్యారేజీలు తెచ్చే ముసలాళ్ళు కూడా దూరం నుంచే పోతున్నారు."

"కుక్క ఎవర్నీ ఏమీ అనలేదు."

"అనదులే. ఇంతకీ బావా, నువ్వు కుక్కలకి నేర్పుతున్నాననుకుంటున్నావ్. అక్కడ చూస్తే మేనేజరు ఈల వేస్తే నువ్వే ముందు లేస్తున్నావ్."

అన్నయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది. మా ఇంట్లో అన్నయ్యతో అలా మాట్లాడినవాళ్ళు లేరు.

"చిన్నోడా, తిని లే," అంది వదిన.

చిన్నోడు సగంలోనే లేచాడు. ఆ పూట గుమ్మం దగ్గర తల వంచాడు.

అది జరిగిన ఆరో రోజున ఫ్యాక్టరీకి లారీ వచ్చింది. వేరే ఊరి నుంచి పనివాళ్ళని ఎక్కించుకొచ్చారు. పన్నెండు దాటింది. తారురోడ్డు కాలికి అంటుకుంటోంది. సమ్మెలో ఉన్నవాళ్ళు ఓ వందమంది రోడ్డుకి అడ్డంగా కూర్చున్నారు. లారీ వాళ్ళ ముందు దాకా వచ్చి ఆగింది. చిన్నోడు లేచి డ్రైవరుతో మాట్లాడటానికి వెళ్ళి లారీ తలుపు మీద చెయ్యి వేశాడు. మేనేజరు గేటు లోపలి నుంచి అన్నయ్యకు చెయ్యి ఊపాడు. అన్నయ్య మబ్బుని తీసుకుని నాలుగు అడుగులు ముందుకు నడిచాడు. నేను ముసలిదాన్ని పట్టుకుని వెనకే ఉన్నాను.

"తలుపు వదిలి పక్కకి పో," అన్నాడు అన్నయ్య.

చిన్నోడు వెనక్కి తిరిగి చూశాడు. కూర్చున్నవాళ్ళందరికీ వినపడేలా, "ఈల వినపడిందా బావా?" అన్నాడు.

జనం గొల్లున నవ్వారు. ముందు వరసలో ఒకతను నోట్లో వేళ్ళు పెట్టుకుని నిజంగానే ఈల వేశాడు. అన్నయ్య మెడ మీది నరం పొంగడం నాకు కనపడింది.

"పట్టు," అన్నాడు.

మబ్బు కుడిచేతిని పట్టుకుంది, మణికట్టుకీ మోచేతికీ మధ్య. నేర్పిన చోటే. చిన్నోడికి తొడుగు లేదు. లాక్కోబోయి కింద పడ్డాడు. జనం లేచారు, కొందరు పారిపోయారు, కొందరు ముందుకి వచ్చి ఆగిపోయారు. ఎవరో లారీ హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. నేను అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. మూడు అయింది. అన్నయ్య పిడికిలి గుండె మీదే ఉంది. ఆరు. అందరూ చిన్నోడినీ కుక్కనీ చూస్తున్నారు. నేనూ మబ్బూ మాత్రం ఆ పిడికిలి కేసి చూస్తున్నాం. అన్నయ్య కుక్కను చూడటం లేదు, చిన్నోడి మొహంలోకి చూస్తున్నాడు. తొమ్మిది. నేను "అన్నయ్యా" అన్నాను. పదకొండు దగ్గర అరచెయ్యి విప్పాడు.

మబ్బు అదే క్షణంలో వదిలేసింది. వచ్చి అన్నయ్య ఎడమకాలి పక్కన కూర్చుని, ముక్క పెడతాడేమోనని పైకి చూసింది.

ఆసుపత్రిలో చిన్నోడికి రెండుసార్లు ఆపరేషన్ చేశారు. నరాలూ కండరాలూ కలిపి కుట్టినా వేళ్ళు మూడు ముడుచుకోవని, పిడికిలి ఇక బిగియదని డాక్టరు చెప్పాడు. వదిన ఆ మాట విని, డాక్టరు దగ్గరే నిలబడి, "సంతకం పెట్టగలడా?" అని ఒక్కటే అడిగింది. తరవాత వరండాలో కూర్చున్న అన్నయ్య దగ్గరికి వచ్చింది.

"మీ కుక్కలు మీ మాట మీద ఉంటాయన్నారు."

"వదలమన్నాను. వినలేదు," అన్నాడు అన్నయ్య. "ఎంత నేర్పినా నోరులేని జంతువు. ఎప్పుడో ఒకసారి అదుపు తప్పుతుంది."

నేను పక్కనే ఉన్నాను. చేతిలోని మందుల చీటీని మడతలు పెడుతూ ఉండిపోయాను.

ఇన్‌స్పెక్టరుకూ అన్నయ్య అదే చెప్పాడు. ఆయన మా దొడ్డికి వచ్చి విషయం విడమరిచాడు. పశువుల డాక్టరమ్మ ఎదుట కుక్కకి పరీక్ష పెడతారు. అది మాట వినని కుక్క అని తేలితే, దాన్ని చంపేసి, జరిగింది ప్రమాదమని రాస్తారు. మాట వినే కుక్క అని తేలితే, ఆ రోజు ఎందుకు వదలలేదో దాన్ని పట్టుకున్న మనిషి చెప్పుకోవాలి. పరీక్షలో అన్నయ్య చెయ్యి పెట్టకూడదు. కుక్కతో పనిచేసింది నేను కాబట్టి నేనే చూపించాలి.

పరీక్ష రోజు పొద్దున అన్నయ్య మబ్బుకి దువ్వెన పెడుతున్నాడు. నేను గచ్చు కడుగుతున్నాను. వదిన అప్పటికి వారం నుంచీ ఆసుపత్రిలోనే ఉంటోంది.

"నువ్వు చూశావు కదా," అన్నాడు తల ఎత్తకుండా.

"చూశాను."

"ఎందుకలా చేశానో నాకే తెలీదు. వాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఆగేదాకా అనుకున్నాను. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది, నాకు తెలీలేదు." దువ్వెనలో చిక్కిన బొచ్చు లాగేస్తూ, "జైల్లో పెడితే ఈ కుక్కల్ని ఎవరు చూస్తారు, నిన్నెవరు చూస్తారు, మీ వదిన మొహం నేనెలా చూస్తాను," అన్నాడు. "నిన్నేం చెయ్యమనీ అనటం లేదు. నీ ఇష్టం."

నాన్న పోయిన ఏడు నాకు పన్నెండేళ్ళు. అన్నయ్య చదువు మానేసి దొడ్లోకి దిగాడు కాబట్టే నేను బడికి వెళ్ళాను. ఆ సంగతి అన్నయ్య ఎప్పుడూ ఎత్తలేదు. ఆ పొద్దున కూడా ఎత్తలేదు.

డాక్టరమ్మ పెద్దావిడ, మాట నెమ్మది. పరీక్షకి తనతో ఒక మనిషిని తెచ్చుకుంది. అతను తొడుగు వేసుకుని పరుగెత్తాడు. నేను "పట్టు" అన్నాను. మబ్బు పట్టుకుంది.

"వదులు," అన్నాను.

అంటూ పిడికిలి గుండెకి ఆనించాను. ఆవిడ, ఇన్‌స్పెక్టరు, అందరూ కుక్క నోటినే చూస్తున్నారు. మబ్బు నా చేతిని చూసింది. వదల్లేదు.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"వదులు," అన్నాను. "వదులు." జన్మలో కుక్కతో ఒక మాటని మూడుసార్లు అనడం అదే మొదటిసారి. మబ్బు కళ్ళు ఒకసారి నా నోటి మీదికి వచ్చి, మళ్ళీ పిడికిలి మీదికి వెళ్ళాయి. దాని వెనక్కాళ్ళు వణికాయి. ఆ మనిషి నొప్పికి అరిచాక నేను చెయ్యి దించాను.

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. డాక్టరమ్మ అక్కడే పని పూర్తిచేస్తానంది. మూతికి తాడు కట్టమంది, నలుగురు మనుషులు కావాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. అన్నయ్య లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"కూర్చో," అన్నాను. మబ్బు కూర్చుంది. "పడుకో." పడుకుంది. "ఆగు." ముందుకాలు చాపి, ఆవిడ సూది గుచ్చుతుంటే కదలకుండా ఆగింది. తాడు కట్టలేదు.

డాక్టరమ్మ సూది తీసి నా మొహంలోకి చూసింది. "ఇది మాట వినే కుక్కేనమ్మా," అంది. నేను మబ్బు తల మీద చెయ్యి వేసుకుని ఉన్నాను. ఇంకేమీ అడగకుండా ఆవిడ సంచి సర్దుకుంది.

నాలుగు రోజుల తరవాత వదిన బట్టల కోసం వచ్చింది. చిన్నోడిని ఆసుపత్రి నుంచి ఆయన ఉండే గదికి తీసుకెళ్ళారని, అక్కడే కొన్నాళ్ళు ఉంటానని చెప్పింది. అన్నయ్య ఇంట్లో లేడు. బీరువా ముందు నిలబడి, వీపు నా వైపు ఉంచే అడిగింది.

"నాకొక్కటి చెప్పు. మీ అన్నయ్య ఆ రోజు 'వదులు' అన్నారా, లేదా?"

ఆవిడ తిరగలేదు, తొందరపెట్టలేదు. బట్టలు మడత పెడుతూనే ఉంది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పాను, గేటు దగ్గరిదీ, దొడ్లో నేను చేసిందీ.

వదిన సంచి బిగించింది. "పద," అంది. "వాడికి చెప్పు."

చిన్నోడు ఫ్యాక్టరీ వెనక లైను ఇళ్ళల్లో ఒక గదిలో ఉండేవాడు. మేము వెళ్ళేసరికి ఎడమచేత్తో చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. కుడిచెయ్యి కట్టుతో ఛాతీ మీద వేలాడుతోంది. నేను నిలబడే చెప్పాను. ఆయన విన్నాడు. గుండీ మాత్రం వదల్లేదు.

"నాకు తెలుసు," అన్నాడు చివరికి. "కింద పడ్డప్పుడు పైకి చూశాను కదా. బావ పిడికిలి బిగించుకుని నిలబడ్డాడు. ఆ సైగలేమిటో నాకు తెలీదు. కానీ నోరు తెరవలేదని తెలుసు."

"మరి ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే గుర్తులేదన్నావేంరా?" అంది వదిన.

"నీ కాపురం ఉంది కదక్కా."

వదిన మంచం అంచున కూర్చుంది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"నా కాపురం కోసమని నువ్వు చెప్పలేదు. వాళ్ళ అన్న కోసమని ఇది చెప్పలేదు. ఇన్నాళ్ళూ నేను ఆ మనిషికి క్యారేజీ పంపుతున్నాను, కుక్క చేసినదానికి ఆయనేం చేస్తారులే అని. నన్నొక్క మాట అడగాలని మీ ఇద్దరిలో ఎవరికీ తోచలేదు."

ఆవిడ లేచి తమ్ముడి చొక్కా గుండీలు పెట్టింది, పైనుంచి కిందిదాకా.

ఆ మర్నాడే నేను ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్ళాను. చెప్పిందంతా రాసుకుని, ఆయన కలం పక్కన పెట్టాడు.

"పరీక్షలో మూడుసార్లు చెప్పినా అది వినలేదని నా కళ్ళతో చూశానమ్మా."

"విన్నదండి," అన్నాను. "నా చెయ్యి చెప్పినట్టు చేసింది. గేటు దగ్గర మా అన్నయ్య చెయ్యి చెప్పినట్టు చేసింది."

"దాన్ని తెచ్చి చూపించగలవా?" అన్నాడు. అని, తనే తల అడ్డంగా ఊపి, కాగితం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టాను. తప్పుడు పరీక్ష చూపించినందుకు నా మీద కూడా కేసు రాయాల్సి వస్తుందన్నాడు. రాయమన్నాను.

అన్నయ్యని పిలిపించి నా కాగితం చదివించారు. బుకాయిస్తాడనుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా చదివి, "నిజమే," అని కింద సంతకం పెట్టాడు. కోర్టు తేదీ వచ్చేదాకా ఇంట్లో ఉండనిచ్చారు. దొడ్డి లైసెన్సు రద్దు చేశారు. మిగతా ఆరు కుక్కల్నీ నెలలోపు వేరేవాళ్ళకి అప్పగించమన్నారు. సమ్మె అప్పటికే చప్పబడింది. జాలీలు బిగిస్తామని యాజమాన్యం ఒక కాగితం ఇచ్చింది, జనం పనిలోకి వెళ్ళారు. చిన్నోడి ప్రెస్సు మీద ఇంకొకతన్ని పెట్టారు. వదిన మా ఇంటికి తిరిగి రాలేదు.

స్టేషను నుంచి వచ్చిన సాయంత్రం అన్నయ్య నేరుగా దొడ్లోకి వెళ్ళాడు. కుక్కలకి వేళ దాటిపోయింది. అన్నం, మాంసం కలిపి ఆరు గిన్నెల్లో పెట్టి దొడ్లో వరసగా ఉంచాడు. అవి ఒక్కో గిన్నె ముందు ఒక్కోటి వచ్చి కూర్చున్నాయి. గిన్నె పెట్టిన మనిషి 'తిను' అనేదాకా ముట్టుకోవు. వాటి నోళ్ళ నుంచి చొంగ గచ్చు మీద పడుతోంది. అన్నయ్య వాటి ముందు నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి, మాట పైకి రావటం లేదు.

నేను గుమ్మంలోంచి, "తిను," అన్నాను. ఒక్కటీ నా వైపు తల తిప్పలేదు. ఆరూ అన్నయ్యనే చూస్తున్నాయి.

అన్నయ్య వాటి ముందు గచ్చు మీద చతికిలబడ్డాడు. ముసలి ఆడకుక్క గిన్నెని తనే చేత్తో దాని మూతి దగ్గరికి జరిపాడు. అది తినలేదు. మాట కోసం ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.